చేపలతొట్టికి పొరుగింటి తోడు

లేపాక్షి వీరభద్రాలయములో తలయెత్తి పైకప్పు చిత్రములను చూచినవారికి ద్రౌపదీ స్వయంవర ఘట్టము జ్ఞాపకముండును. అచ్యుతదేవరాయల కాలమున, 16వ శతాబ్దిలో, విరుపణ్ణ పూనికతో వెలసిన ఆలయమది. స్వయంవరమున పైన తిరుగుచున్న మత్స్యయంత్రమును కొట్టవలసిన అర్జునుడు చేపవైపు చూడలేదు; క్రిందనున్న నీటిలోనికి చూచెను. చూపు నీటిమీద నిలిచినది గనుకనే బాణము చేపకు తగిలినది. దీని అంతరార్థము పెద్దలు వేరువిధముగా చెప్పుదురు గాని, ఇంటిలో గాజుతొట్టి యుంచుకొని ముచ్చటకు నాలుగు చేపలను పెంచుకొనువారికి దీనికంటె మంచి పాఠము మరియొకటి లేదు. చేపను నిలుపుకొనదలచినవాడు ముందుగా నీటిని చూడవలెను.

చేపలమీద మక్కువ మనవారికి క్రొత్త కాదు. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో కూర్చిన మానసోల్లాసములో మత్స్యవినోదమని యొక ప్రకరణమే కలదు. అయితే అది చేపలను పట్టు వినోదము. పెంచు వినోదము కాదు. గాజుపెట్టెలో చేపను బ్రతికించి చూచుట ఇటీవలి విద్య. లండను జంతుప్రదర్శనశాలలో 1853లో మొదటి చేపల ప్రదర్శనశాల తెరచిరి. ఆ మరుసటి సంవత్సరము ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన పుస్తకముతో అక్వేరియము అను మాట లోకములో వ్యాపించినది. బొంబాయిలో తారాపూర్‌వాలా అక్వేరియము 1951లో వెలసినది. నేడు ఈ వేడుక హిందూపురము, లేపాక్షి వంటి ఊళ్ళలోని నడవలలోనికిని వచ్చినది. మద్రాసు ప్రక్కన కొళత్తూరులో పెరిగిన చేప, బెంగుళూరు అంగడిలో నాలుగు దినములుండి, ప్లాస్టికు సంచిలో ఊపిరి బిగబట్టి, బస్సులో మన యింటికి చేరుచున్నది.

అంగడిలో చేప దొరకును. చేపతోపాటు తొట్టి, మేత, రంగురాళ్ళు దొరకును. సలహా మాత్రము పొరుగువానివద్దనే దొరకవలెను. ఈ అభిరుచి గలవారు ఇద్దరు కలిసినచోట మాట వానలతో మొదలైనను, వేరుసెనగ ధరతో మొదలైనను, కడకు తొట్టిమీదికే వచ్చును. "మా నీళ్ళు పాలవలె తెల్లబడినవి, ఏమి చేయవలెను?" అని యొకరు, "మా చేప పైకి వచ్చి నోరు తెరచుచున్నది" అని యొకరు, "నిన్నటివరకు బాగుండెను, ఉదయము చూతును గదా, వెల్లకిల పడియున్నది" అని మరియొకరు. వినుటకు చిన్నమాటలు. కాని ప్రతి మాటవెనుకను ఒక ప్రాణమున్నది. ఆ ప్రాణము మనము తెచ్చి గాజుగోడల నడుమ నుంచినది. నదిలోని చేపకు నీరు చెడినచో మరియొక మడుగునకు పోవు దారి యున్నది; మన చేపకు లేదు.

నా మొదటి తొట్టి సంగతి చెప్పెదను. కొన్నది మొదలు పది దినములు చేపలు చక్కగా తిరిగినవి. పదునొకండవ దినమున గాజుకు పాచి, రాళ్ళకు జిగురు కనబడినవి. శుభ్రత మంచిది గదా యని నీరంతయు పారబోసి, గులకరాళ్ళను ఎండబెట్టి, వడపోత స్పంజిని కుళాయిక్రింద పిండి పిండి ఉతికి, క్రొత్త నీరు నింపితిని. తొట్టి అద్దమువలె మెరసినది. మూడవ దినమునకు ఎనిమిదింటిలో ఆరు చేపలు చనిపోయినవి. మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయులు చాలకాలముగా చేపలను పెంచుచున్నారు. వారివద్దకు పోయి, అంగడివాడు రోగపు చేపలనిచ్చెనని మొరపెట్టుకొంటిని. వారు చేపల రంగు అడుగలేదు, జాతి అడుగలేదు.

"ఏమప్పా, నీళ్ళు యాడివి?" అని మొదటి ప్రశ్న. "తొట్టి పెట్టి ఎన్నాళ్ళాయె?" అని రెండవది. "రాళ్ళెందుకు కడిగితివి?" అని మూడవది.

"మురికి పట్టినది సార్, కడిగినాను" అంటిని.

"మురికి కాదప్పా. తోడంతా కడిగి పారబోస్తివి" అనిరి.

ఆ ఒక్క మాటలో ఈ విద్యయంతయు ఉన్నది. పాలు పెరుగగుటకు తోడు ఎట్లు కావలెనో, నీరు చేపకు ఇల్లగుటకు అట్లే తోడు కావలెను. చేప తిన్న మేతలోని మాంసకృత్తులు అరగినపిమ్మట అమ్మోనియా యను విషము పుట్టును. చేప దానిని ముఖ్యముగా మొప్పల ద్వారా నీటిలోనికి విడుచును. మిగిలిన మేత, మలము కుళ్ళినను అదియే పుట్టును. చెరువులో నీరు విస్తారము కనుక అది పలుచనైపోవును. గాజుతొట్టిలో పోవు దారి లేక, పుట్టిన చేప మొప్పలనే కాల్చును. అయితే ప్రకృతి దీనికొక ఏర్పాటు చేసినది. రాళ్ళను, స్పంజిని, గాజును అంటిపెట్టుకొని కంటికి కనబడని సూక్ష్మజీవులు పెరుగును. వానిలో ఒక తెగ అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. నైట్రైటు కూడ విషమే. అది రక్తములోనికి చేరి, ప్రాణవాయువును మోయు శక్తిని పోగొట్టును. మరియొక తెగ ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రేటు చాలవరకు నిరపాయము, మొక్కలకు ఎరువు. నేను జిగురని కడిగివేసినది ఈ సూక్ష్మజీవుల కాపురమునే.

క్రొత్త తొట్టిలో ఈ కాపురము నిలుచుటకు సాధారణముగా నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. ఆ లోపల చేపలను నిండుగా వేసినవారికి రెండవ వారములోనో మూడవ వారములోనో నష్టము కలుగుట పరిపాటి. దీనికి తరుణోపాయము పొరుగింటిలోనే యున్నది. ఆరోగ్యముగా నడచుచున్న తొట్టినుండి పాత స్పంజి ముక్కనో గుప్పెడు రాళ్ళనో తెచ్చి మన వడపోతలో ఉంచినచో, ఆరు వారముల పని చాల త్వరగా జరుగును. పెరుగు తోడునకు చిన్న గిన్నె పట్టుకొని పొరుగింటికి పోవుట మన ఇండ్లలో ఎరుగనిది కాదు గదా! ఇదియు అట్టిదే.

ఈ తోడు తెచ్చుటలో నియమములు కొన్ని కలవు. స్పంజి ముక్కను ఆ తొట్టి నీటిలోనే ముంచి, తడియారకుండ, అదేదినమున తెచ్చి వేయవలెను. మూతబిగించిన సీసాలో రెండు దినములుంచినచో గాలి చాలక ఆ జీవులు నశించును. కుళాయినీటిలోని క్లోరిను వానిని చంపును గనుక స్పంజిని ఎప్పుడును తొట్టినుండి తీసిన నీటిలోనే జాడించవలెను. ఇచ్చువారి తొట్టిలో కడచిన నెలలో చేపలకు జబ్బు చేసినదేమో తప్పక అడుగవలెను. తోడుతో రోగమును రావచ్చును. ఇట్లడుగుటలో మొగమాటము పనికిరాదు.

ఇక ఉపాధ్యాయులవారి మొదటి ప్రశ్నకు వత్తము. నీళ్ళు ఎక్కడివి? లేపాక్షి 2022వరకు అనంతపురము జిల్లాలోనిది. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. జిల్లా పేరు మారినను భూమి మారలేదు. పడమటి కనుమల చాటున నుండుటచేత నైరృతి ఋతుపవనములు ఇచ్చటికి వచ్చునప్పటికి మేఘములు తేలికయై యుండును. ఈశాన్య ఋతుపవనములు తీరమున కురిసి మిగిలినదానిని తెచ్చును. ఏడాది మొత్తమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అందువలన మనకు ఆధారము బోరుబావి. లోతున రాతిపగుళ్ళలో చిరకాలము నిలిచియున్న నీరు, ఆ రాతిలోని సున్నము, మెగ్నీషియము మొదలైన లవణములను కరగించుకొని పైకి వచ్చును. కొన్నిచోట్ల ఫ్లోరైడు కూడ నుండును. సబ్బు నురగ రాకపోవుట, కందిపప్పు ఉడుకకపోవుట, కాచిన గిన్నె అడుగున తెల్లని పొలుసు కట్టుట, ఇవి మన ఇల్లాండ్రు ఏ పరికరము లేకుండ చేయు పరీక్షలు. చేపలతొట్టికి కూడ మొదటి పరీక్షలు ఇవియే.

ఇట్టి నీరు చేపకు మంచిదా, చెడ్డదా యని అడుగుదురు. రెండును. మంచి యేమనగా, సున్నముతో కూడిన లవణములు నీటి స్వభావమును తటాలున మారనీయవు. నీటి ఆమ్లక్షార గుణమును పి.హెచ్. అను కొలతతో చెప్పుదురు. 7 సమస్థితి, అంతకు తక్కువ పులుపు, ఎక్కువ క్షారము. మెత్తని నీటిలో చేపల మలమువలన పులుపు పెరిగి, ఒకనాడు హఠాత్తుగా చేపలు చనిపోవుట కలదు. మన గట్టి నీటిలో ఆ భయము తక్కువ. చెడ్డ యేమనగా, క్షారగుణము హెచ్చినకొలది అమ్మోనియా విషము హెచ్చును. నీటిలోని అమ్మోనియా అంతయు ఒక రూపమున నుండదు. అందులో కొంతపాలే తీవ్రవిషము. 25 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో పి.హెచ్. 7 ఉన్నప్పుడు ఆ విషభాగము నూటికి సుమారు అరపాలు మాత్రమే; పి.హెచ్. 8 ఉన్నప్పుడు నూటికి 5 పాళ్ళు దాటును. అనగా ఒక్క మెట్టు ఎక్కునప్పటికి విషము సుమారు పదిరెట్లగును. ఎండకాలపు వేడిమికి అది ఇంకను పెరుగును. కాబట్టియే మెత్తని నీరున్న ఊరిలో సాగిన నిర్లక్ష్యము మన ఊరిలో సాగదు. అక్కడ పది చేపలు బ్రతికిన తొట్టిలో ఇక్కడ ఆరు చాలును.

పొరుగువాని సలహాకు విలువ వచ్చునది ఇక్కడనే. దూరపు దేశమున అచ్చైన పుస్తకము అబద్ధము చెప్పదు. అది ఆ దేశపు నీటిని గురించి చెప్పును. బెంగుళూరు అంగడివాడును తన నీటి సంగతియే ఎరుగును. మన బావినీరే త్రాగుచు, మన ఎండనే భరించుచు ఐదేండ్లుగా చేపలను నిలుపుకొన్నవాని మాట మనకు నేరుగా వర్తించును. ఏ చేప మంచిదని అడుగుటకంటె, "మీ యింట ఏ చేప పిల్లలు పెట్టినది?" అని అడుగుట మేలు. చేప బ్రతికియుండుట ఓర్పునకు గుర్తు. పిల్లలు పెట్టి అవి పెరుగుట సుఖమునకు గుర్తు.

ఆ లెక్కన మన నీటికి సరిపడునవి గప్పీ, మోలీ, ప్లాటీ, కత్తితోక చేపలు. ఇవి గుడ్లు పెట్టక పిల్లలనే ఈనును. వీనికి గట్టినీరే హితము. మోలీకి కాస్త ఉప్పదనమును ఇష్టమే. దీపమువలె మెరయు నియాన్ టెట్రాకు, పళ్ళెమువలె గుండ్రనైన డిస్కసునకు పుట్టినిల్లు అమెజాను అడవులలోని మెత్తని, పులుపు నీళ్ళు. వానిని తెచ్చి మన బోరునీటిలో వదలి, తరువాత మందులు వెదకుట మంచిది కాదు. బంగారుచేప గట్టినీటికి తాళునుగాని, అది జానెడు దాటి పెరుగు జాతి. చిన్న గాజుకుండలో దానిని ఉంచుట ఎదుగు బిడ్డకు ఉయ్యాలతొట్టియే ఇల్లు చేయుటవంటిది.

"నీరు గట్టిదైనచో నిమ్మకాయ పిండరాదా?" అని ఒక మిత్రుడు అడిగెను. పిండినచో ఆ గంటకు పి.హెచ్. కొంత దిగును. మరునాటికి నీటిలోని లవణములు ఆ పులుపును విరిచివేయును, పి.హెచ్. మరల పైకెక్కును. చేపకు స్థిరమైన గట్టినీటికంటె ఈ ఎక్కుట దిగుటలే హెచ్చు బాధ. "క్యానులలో అమ్ము మంచినీరు పోయవచ్చునా?" అని మరియొక ప్రశ్న. ఆ యంత్రములు లవణములను దాదాపు తీసివేయును. ఆ నీటిని మాత్రమే నింపినచో చేపకు కావలసిన సున్నము సైతము ఉండదు, పి.హెచ్. నిలుకడయు ఉండదు. బోరునీటి గట్టిదనము మరీ మితిమీరినప్పుడు మిద్దెమీది వాననీరు కొంత కలుపుకొనవచ్చును. తొలివాన మిద్దెను కడుగును గనుక దానిని విడిచి, తరువాతి వానను పట్టవలెను.

బోరునుండి అప్పుడే తోడిన నీటిలో ప్రాణవాయువు తక్కువగాను, బొగ్గుపులుసు వాయువు ఎక్కువగాను ఉండవచ్చును. దానిని వెడల్పు పాత్రలో ఒక రాత్రి గాలికి ఉంచి పోయవలెను. కుళాయినీటిలో క్లోరిను ఉన్నచో అదియు ఒక దినము నిలువయుంచినప్పుడు చాలవరకు పోవును. తొందర యున్నవారు ఫొటోలు కడుగువారు వాడు హైపో పలుకులు రెండు వేసెదరు. అంగళ్ళలో క్లోరిను విరుగుడని అమ్మునది తరచుగా ఇదియే.

మన ప్రాంతములో అందరును చేయు తప్పు ఒకటి కలదు. వేసవిలో తొట్టినీరు దినదినము తగ్గును. తగ్గినంత పోసి, నీరు మార్చితిమని అనుకొందురు. ఆవిరియై పోవునది నీరు మాత్రమే. లవణములు తొట్టిలోనే నిలుచును. వానిపై మరల లవణములున్న బోరునీరు పోయుదుము. ఇట్లు మూడు నెలలు గడచినచో తొట్టిలోని నీరు బావినీటికంటె ఎంతో ఘాటైనదగును. ఎండలో నీరు ఇంకిన పొలము పైన చౌడు తేలుట రైతులెరుగుదురు. గాజుతొట్టిలో జరుగునదియు అదియే. కాబట్టి పోయుట వేరు, మార్చుట వేరు. కొంత తీసిన తరువాతనే పోయవలెను.

ఎంత తీయవలెను? రెండడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు ఎత్తుగల తొట్టిలో సుమారు 50 లీటర్ల నీరు పట్టును. వారమునకు నాలుగవ వంతు, అనగా సుమారు 12 లీటర్లు మార్చినచో చాలును. అది ఒక బిందెడు నీరు.

బిందెడు నీరనగా ఈ సీమలో చిన్నమాట కాదు. మైలు దూరము నడచి బిందె నెత్తిన పెట్టుకొని వచ్చిన తల్లులు ఇంకను మన నడుమ నున్నారు. 1990ల నడుమ శ్రీ సత్యసాయి తాగునీటి పథకము వచ్చి వందల గ్రామములకు గొట్టములు వేయువరకు బావి అడుగు చూచిన ఊళ్ళు ఎన్నో. అట్టి చోట చేపల ముచ్చటకు నీరు వాడుట ధర్మమా యని ఒకమారు మా యింట పెద్దలు అడిగిరి. తగిన ప్రశ్నయే. దీనికి సమాధానము మాటలో కాదు, బిందెను ఎక్కడ ఒంపుదుమో దానిలో నున్నది. తొట్టినుండి తీసిన నీటిలో నైట్రేటు కలదు. అది మొక్కలకు మేత. ఆ బిందెను కాలువలో పారబోసినవాడు నీటిని దుబారా చేసినవాడు. కరివేపచెట్టు పాదులో పోసినవాడు ఎట్లును చెట్టునకు పోయవలసిన నీటినే దారిలో నాలుగు చేపలకు చూపి వచ్చినవాడు. ఆ ఉపాధ్యాయుల పెరటిలో కరివేప ఎందుకంత ఒత్తుగా నున్నదో నాకు అప్పుడు తెలిసినది. పెరడు లేనివారు, చెట్టు లేనివారు పెద్ద తొట్టి జోలికి పోకుండుట మేలు.

ఎండకాలమున మరియొక కష్టము కలదు. నీరు వేడెక్కినకొలది ప్రాణవాయువు నిలుపుకొను శక్తి తగ్గును. సముద్రమట్టమున 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగలదు. 30 డిగ్రీల వద్ద ఏడున్నర. అదే సమయమున వేడికి చేప ఊపిరి వేగము హెచ్చును. ఆదాయము తగ్గి ఖర్చు పెరిగిన సంసారమువంటిది అది. చేపలు పైకి వచ్చి నోరు తెరచుట ఆకలి కాదు, గాలి చాలమి. ఆ సమయమున మేత వేయుట అపాయము. గాలియంత్రము బుడగలలోనుండి నీటిలో కరగునది కొంచెమే. ఆ బుడగలు పైనీటిని కదల్చుటచేతనే గాలి ఎక్కువగా కరగును. కాబట్టి లోతుకంటె వెడల్పు ముఖ్యము. మూతి ఇరుకైన గాజుబుడ్డి అందమైనదే గాని చేపకు ఊపిరాడని ఇల్లు. రాత్రివేళ కరెంటు పోయినచో చెంబుతో తొట్టినీరు తీసి జానెడు ఎత్తునుండి ధారగా పోయవలెను. అరగంటకొకసారి ఇట్లు పది చెంబులు పోసి ఉదయమువరకు చేపలను కాపాడుకొన్న ఇల్లాలు మా బంధువులలోనే యున్నది.

చలికాలమున ప్రమాదము వేరు. ఈ పీఠభూమిమీద పగటికిని రాత్రికిని వేడిమి భేదము హెచ్చు. కిటికీప్రక్కన నున్న చిన్న తొట్టి రాత్రికి చల్లబడి, చేప నీరసించును. అప్పుడు ఒంటిమీద ఉప్పుపలుకులు చల్లినట్లు తెల్లని చుక్కలు కనబడును. అది ఒక సూక్ష్మపరాన్నజీవి. కొన్నాళ్ళు చర్మము క్రింద నుండి, పండి రాలి, తొట్టి అడుగున వందలుగా చీలి, మరల చేపను వెదకును. చర్మము క్రింద నున్నంతకాలము మందు దానికి తగులదు. ఈదుచు వచ్చినప్పుడే చచ్చును. చుక్కలు మాయమైనవని మూడవనాడే మందు మానినవారికి పదవనాడు మరల చుక్కలు వచ్చుటకు కారణమిదియే. నీటి వేడిమిని మెల్లగా పెంచి, వైద్యము రెండు వారములు సాగించవలెను. తొట్టిని లోపలి గోడప్రక్కన ఉంచుట అన్నింటికంటె చౌకయైన మందు.

మేత విషయమున మనవారి గుణమే మనకు శత్రువు. ఇంటికి వచ్చినవారికి కొసరి కొసరి వడ్డించు అలవాటు చేపలమీదను చూపుదుము. రెండు మూడు నిమిషములలో తినగలిగినంత మేత చాలును, మిగిలినది అమ్మోనియాయే. "మా చేపలకు శనివారం ఒక్కపొద్దు" అని ఒక మిత్రుడు నవ్వుచు చెప్పును. హాస్యమైనను మంచి వైద్యమే. ఎదిగిన ఆరోగ్యమైన చేపకు వారమునకొక దినము పస్తు హాని చేయదు. వడపోతకు విశ్రాంతి నిచ్చును.

ఇక కడపటి మాట, అన్నింటికంటె బరువైన మాట. గప్పీలు నెలనెలకు పిల్లలు పెట్టును, తొట్టి చాలదు. శుభ్రము చేయునని తెచ్చిన చూషకచేప వ్రేలెడు ఉన్నది మూరెడు అగును. ఏమి చేయుదము? జాలిగల మనసు చెరువులో విడువుమనును. ఇది పుణ్యము కాదు. ఈ సీమ చెరువులు ఒంటరివి కావు. పై చెరువు మరువ పారినచో నీరు క్రింది చెరువునకు, అక్కడినుండి వంకకు, వంకనుండి పెన్నకు పోవును. నేడు ఒక గుంటలో వేసినది మంచి వానలు వచ్చిన యేట నదిలో నుండును. దక్షిణ అమెరికానుండి వచ్చిన ఆ చూషకచేప మన రాష్ట్రములలోని చెరువులలోను, చేపల గుంటలలోను వ్యాపించినది. గట్టి ముళ్ళతో వలలను చించును, గట్లలో బొరియలు త్రవ్వును, తినుటకు కొనువారు లేరు. దానిని ఎవరును పగబట్టి తెచ్చి వదలలేదు. గాజుతొట్టి చాలని ఇండ్లనుండి జాలితో విడిచినవారును అందుకు కారకులైరి. మన చెరువులలోని పరిగెలు, కొర్రమీనులు కరవుకును వరదకును తట్టుకొని యుగములుగా బ్రతికినవి. మన జాలికి బలికాగూడదు. ఎక్కువైన చేపలను పొరుగువారికి ఇయ్యవలెను, లేదా అంగడికి తిరిగి ఇయ్యవలెను. మూరెడు పెరుగు చేపను అసలు కొనకుండుట ఉత్తమము.

సలహా అడుగువారికిని, చెప్పువారికిని ఒక మనవి. అడుగువారు "చేప చచ్చినది" అని మాత్రము చెప్పక, తొట్టి ఎన్ని లీటర్లు, ఎన్ని చేపలు, నీరు ఎక్కడిది, ఎప్పుడు ఎంత మార్చిరి, కడచిన వారము క్రొత్తగా ఏమి చేసిరి అను ఐదు సంగతులు చీటిపై వ్రాసికొని పోవలెను. అది వ్రాయునప్పుడే సగము కారణము తమకే తట్టును. చెప్పువారు మందు పేరు చెప్పుటకు తొందరపడక, ఉపాధ్యాయులవలె ముందు మూడు ప్రశ్నలు వేయవలెను. చేపలు చనిపోయి వచ్చినవానిని ఎగతాళి చేయరాదు. ఈ విద్యలో ఆరితేరినవారందరును మొదట కొన్ని చేపలను పోగొట్టుకొన్నవారే. ఒప్పుకొనువారు కొందరు, ఒప్పుకొననివారు కొందరు, అంతియే భేదము.

ఆనాడు ఉపాధ్యాయులు నన్ను మందలించి వట్టిచేతులతో పంపలేదు. తమ తొట్టినుండి నల్లబడిన స్పంజిని కత్తెరతో సగము కత్తిరించి, ఆ నీటితోనే చిన్న స్టీలుగిన్నెలో వేసి ఇచ్చిరి. మిగిలిన రెండు చేపలు దానితో నిలిచినవి. మొన్న మా ప్రక్కవీధి పిల్లవాడొకడు గిన్నె పట్టుకొని వాకిట నిలిచి, "మామా, తోడు కావాల" అనెను. పెరుగునకో, తొట్టికో నేను అడుగలేదు. గిన్నెలో వాడి తొట్టినీరు అప్పటికే ఉన్నది.